క్వారీ దక్షిణానికి నడిచింది

ఆ మధ్యాహ్నం నా ల్యాప్‌టాప్ తెర మీద ఒక క్వారీ ఉన్నచోటు నుంచి లేచి దక్షిణానికి వెళ్లిపోయింది. పది రోజుల పాటు బుద్ధిగా పడమటి దిక్కున పేలిన రాళ్లు పదకొండో రోజు నుంచి ఊరికి దక్షిణాన, కాలవ అవతలి మిరపచేలల్లో పేలుతున్నాయని నా లెక్క చెబుతోంది. మిరపచేలో తామరపురుగు పడుతుంది గానీ బాంబులు పడవు. లెక్క మళ్లీ చేశాను. మళ్లీ దక్షిణమే. మూడోసారి వేరే పద్ధతిలో చేశాను. క్వారీ వెనక్కి రాలేదు. ఇంటర్వ్యూకి తొమ్మిది రోజులే ఉన్నాయి.

అది ఉద్యోగం ఇంటర్వ్యూ కాదు, అంతకంటే నాకు ముఖ్యమైనది. భూభౌతిక శాస్త్రంలో పీహెచ్‌డీ అయిపోయాక, ఉద్యోగం రాకముందు, పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్ అని ఒక మెట్టు ఉంటుంది. నేను పెట్టిన దరఖాస్తు గెలిస్తే మూడేళ్లు నా ప్రశ్న నాది, నా యంత్రాలు నావి. ఒకరి ప్రాజెక్టులో తోకలా ఉండక్కర్లేదు. రెండుసార్లు ఓడిపోయాను. మొదటిసారి ఆలోచన బాగుంది, రికార్డులు ఏవీ అన్నారు. రెండోసారి రికార్డులు బాగున్నాయి, అవి మీవి కావుగా అన్నారు. దీనికి వయసు హద్దు ఉంది. ఈ ఏడు దాటితే దరఖాస్తు పెట్టే అర్హత కూడా పోతుంది. కాబట్టి ఈ మూడోసారే ఆఖరుసారి.

నా ప్రశ్న మా పల్నాడుదే. మా వైపు అప్పుడప్పుడు అలమరలో గిన్నెలు గలగలమంటాయి. ఒకరు క్వారీలో మందు పెట్టారంటారు, ఇంకొకరు భూమి కదిలిందంటారు. నరసరావుపేటలో మా అమ్మ ఒకచేత్తో పోపు వేస్తూ ఇంకోచేత్తో గిన్నెలు పట్టుకుని "క్వారీలే" అనేది. నాకు మాత్రం ఆ "లే" మీద చిన్నప్పటి నుంచీ అనుమానం. కదలిక ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలిస్తే, అక్కడ క్వారీ ఉందో లేదో చూసి రెంటినీ విడదీయొచ్చు. గురజాల, మాచర్ల మీదుగా విజయపురి సౌత్ దాకా పన్నెండు ఇళ్లలో పన్నెండు యంత్రాలు పెట్టాలని నా పథకం. ఊళ్లో మామూలు మనుషులే వాటిని కాపాడతారని రాశాను. దరఖాస్తులో ఆ వాక్యం నాకు చానా ఇష్టం. "ఇళ్లవారు ఈ పరిశోధనలో భాగస్వాములు" అని రాసుకుని నాలుగుసార్లు చదువుకుని మురిసిపోయాను కూడా.

అది జరిగే పనేనని చూపించడానికి ముందుగా ఒక్క ఇంట్లో ఒక్క యంత్రం పెట్టాను. మాచవరం దగ్గర నేను బాబాయ్ అని పిలిచే తాపీమేస్త్రీ ఇల్లు అది. మాకు బంధుత్వమేమీ లేదు. పేటలో మా ఇల్లు కట్టింది ఆయనే, అప్పటి నుంచి బాబాయే. ఆయన భార్యని పిన్నీ అంటాను. రెండెకరాల పత్తీ, ఒక గేదే పిన్ని రాజ్యం. పత్తి ఇంకా ఇంటికి రాలేదు కాబట్టి దాన్ని వేసే వెనకగది ఖాళీగా ఉంది.

యంత్రమంటే పెద్దదేం కాదు, అన్నం వండే గిన్నంత ఉక్కు డబ్బా. పైకీ కిందకీ, ఉత్తరానికీ దక్షిణానికీ, తూర్పుకీ పడమరకీ నేల ఎంత కదిలిందో విడివిడిగా రాస్తుంది. మూత మీద ఒక బాణం గుర్తుంటుంది, అది ఉత్తరానికి చూడాలి. పక్కనే ఒక బుడగ ఉంటుంది, అది నడిమధ్యలో నిలబడాలి. గదిలో రోడ్డుకి అన్నిటికంటే దూరంగా ఉన్న మూల చూసి అక్కడ దించాను. అది ఈశాన్యం మూల. ఆ సంగతి అప్పుడు నా బుర్రకి తట్టలేదు.

బాబాయ్ గుమ్మంలో నిలబడి నేను బుడగ సరిచేయడం చూస్తూ, "మా రసమట్టం లాంటిదే గదా" అన్నాడు.

"అంతే బాబాయ్."

"ఇంతకీ ఇది ఏం ఉజ్జోగం అమ్మాయ్?"

ఫెలోషిప్ గురించి నాకు తోచినట్టు చెప్పాను. "అంటే పని నేర్చావు, ఇల్లు కట్టమని ఇంకా ఎవురూ ఒప్పజెప్పలా" అన్నాడు ఆయన. నా బతుకుని అంత పొట్టిగా ఎవరూ చెప్పలేదు. నవ్వుకుని, దీన్ని మాత్రం ముట్టుకోవద్దు అని మూడుసార్లు చెప్పి వచ్చేశాను.

నెల తర్వాత వెళ్లి, నడవలో ఉన్న రికార్డు పెట్టెలోంచి మెమరీ కార్డు తీసుకుని, వెనకగది తలుపు తీయకుండానే సత్తెనపల్లిలో నా అద్దెగదికి తెచ్చుకున్నాను. యంత్రం నుంచి తీగ నడవలోకే ఉంది, లోపలికెళ్లి నేలని కదిలించడమెందుకని. అదీ నా తెలివి. తెరిచి చూస్తే క్వారీ నడిచింది.

పిన్నికి ఫోన్ చేశాను. "పిన్నీ, ఆ గదిలోకి ఎవరైనా వచ్చారా?"

"ఎవురొస్తారే. పత్తే ఇంకా ఇంటికి రాలా."

"యంత్రం బాగానే ఉందా?"

"నిక్షేపంగా ఉంది. దానికేం, నీకంటే కుదురుగా ఉంది."

రికార్డులో పదకొండో రోజు పొద్దున ఒక గందరగోళం కనిపించింది. ఎలుక తిరిగిందేమో అనుకున్నాను. తీగ వదులైందేమో అనుకున్నాను. ఒక పావుగంట పాటు, దక్షిణాన ఎవరికీ తెలియని పగులేదో భూమిలో కదులుతోందని, దాన్ని కనిపెట్టింది నేనేనని కూడా అనుకున్నాను. ఆ పావుగంటా ఎంత హాయిగా ఉందో చెప్పలేను. లేచి గదిలో అటూ ఇటూ తిరిగాను. తర్వాత చూస్తే ఆ పగులు రోజూ మధ్యాహ్నం భోజనాల వేళకే కదులుతోంది, ఆదివారం సెలవు తీసుకుంటోంది. భూమికి ఆదివారం లేదు.

మర్నాడు పొద్దున్నే పిడుగురాళ్ల బస్సెక్కి, అక్కడ మారి మాచవరం వైపు వెళ్లాను. పిన్నిని పలకరించకుండా నేరుగా వెనకగది తలుపు తీశాను. ఈశాన్యం మూల ఊడ్చినట్టు ఖాళీగా ఉంది. యంత్రం ఎదురుమూలకి, నైరుతికి చేరింది. దాని కింద కొత్తగా కట్టిన చిన్న సిమెంటు దిమ్మె. ముచ్చటగా నునుపుగా, అంచులు కత్తిరించినట్టు ఉంది. బాణం తూర్పుకి చూస్తోంది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఆ పూట ముక్కు దిగి నోట్లోకి వచ్చింది. ముట్టుకోవద్దని మూడుసార్లు చెప్పానా లేదా, నా మూడేళ్ల కష్టం, ఇది నా ఆఖరు అవకాశం, మీకెవరు చెప్పారు, మీకేం తెలుసు. పెద్దవాళ్లని అనకూడని మాటలన్నీ అన్నాను. గేదె దగ్గర్నుంచి వచ్చిన పిన్ని చేతులు కొంగుకి తుడుచుకుంటూ నేను అలిసిపోయేదాకా ఆగింది.

"అయిందా?" అంది. "ఈశాన్యంలో ఎవురన్నా బరువు పెడతారటే? నువ్వు పెట్టిన మూడోనాటికే గేదె పాలు సగానికి పడ్డయ్. పోనీలే, పిల్ల పని అని పది రోజులు ఓర్చా. బరువుండాల్సింది నైరుతిలో. పారేశామా? మీ బాబాయ్ ఒకరోజు పని మానుకుని దిమ్మె కట్టి పెట్టాడు."

"ఫోన్‌లో అడిగితే చెప్పలేదేం పిన్నీ?"

"నువ్వడిగింది ఎవురన్నా వచ్చారా అని. మేం వచ్చినోళ్లమా? మా ఇల్లే గదా ఇది."

అప్పుడే బాబాయ్ పనికి వెళ్లబోతూ సంచీతో లోపలికొచ్చాడు. నా అరుపులు వీధిలోకి వినిపించే ఉంటాయి, అయినా ఆయన మొహంలో కోపం లేదు. నన్ను పట్టించుకోకుండా దిమ్మె దగ్గర గొంతుక్కూర్చుని బుడగ చూపించాడు. "చూడు. నువ్వు పెట్టినప్పుడు ఇంతన్నా తేడా ఉంది. ఇప్పుడు నడిమధ్యలో ఉంది. రసమట్టం పెట్టి, మళ్లా నీ బుడగతో సరిచూసా. ఆ గుర్తేమో మొహమనుకుని తూర్పుకి తిప్పా. మూలమట్టం పెట్టి గోడకి కొలిచి మరీ తిప్పా."

నేనూ వంగి చూశాను. బుడగ కదలడం లేదు. నా చేత్తో నేనెప్పుడూ అంత బాగా నిలబెట్టలేదు. కోపంలో ఉన్నవాళ్లకి ఇలాంటివి కనిపించకూడదు, కనిపిస్తే కోపం నిలవదు.

"ఈ మూలే ఎందుకు బాబాయ్? వాస్తు కోసమేనా?"

"వాస్తు మీ పిన్నికి. నాకు కింద ఏముందో తెలుసు గదా, పునాది తీసింది నేను. నువ్వు పెట్టిన మూల కింద పాత గుంట, మట్టి పోసి పూడ్చాం. ఈ మూల కింద మోకాటి లోతులోనే రాయి తగిలింది. గడ్డపార వంగిపోయింది."

అక్కడే చాప మీద ల్యాప్‌టాప్ తెరిచాను. మొదటి పది రోజులది, ఆ తర్వాతది, రెండు రికార్డులూ పక్కపక్కన పెట్టాను. ముందుదాంట్లో లారీలు, మోటార్లు, గాలి, అన్నీ కలిసి గీత మందంగా, గజిబిజిగా ఉంది. తర్వాతిదాంట్లో గీత సన్నబడింది. పూడ్చిన మట్టి మీద పెట్టిన యంత్రం ప్రతిదానికీ ఊగింది, రాయి మీద పెట్టింది ఊగలేదు. నా తొందరలో నిన్న దిక్కులే చూసుకున్నాను గానీ ఇది చూడనేలేదు. తాపీమేస్త్రీ నాకంటే మంచి చోటు ఎంచాడు! కేక వేశాను. పిన్ని ఏదో కుట్టిందనుకుని పరిగెత్తుకొచ్చింది.

ఇక దిక్కు సంగతి. యంత్రం ఎటు తిరిగి ఉందో దాని రికార్డు నుంచే పట్టుకునే ఉపాయం ఒకటుంది. ఎక్కడో సముద్రాల అవతల పెద్ద భూకంపం వస్తే ఆ అల భూమి చుట్టూ తిరుగుతుంది. అది ఏ దిక్కు నుంచి రావాలో అందరికీ తెలుసు. నా యంత్రం ఏ దిక్కు అంటుందో చూస్తే, రెంటికీ ఉన్న తేడాయే యంత్రం తిరిగిన తిరుగుడు. నా అదృష్టం, ఇరవయ్యో రోజున అలాంటి అల ఒకటి మాచవరం దాకా వచ్చి వెళ్లింది. బాబాయ్ పనికెళ్లడం మానేసి నా పక్కనే కూర్చున్నాడు. పిన్ని కాఫీ తెచ్చి మా ఇద్దరికీ ఇచ్చి, తనూ చాప అంచున కూర్చుంది. తెర మీద సంఖ్య తేలింది.

"ఎనభై తొమ్మిదిన్నర డిగ్రీలు బాబాయ్!"

ఆయన మొహం చిట్లించాడు. "తొంభై ఉండాల. ఆ అర నీ లెక్కలోదే, నా మూలమట్టంలో తేడా రాదు."

దిక్సూచి తెచ్చి, బాణాన్ని గోడతో, గోడని ఉత్తరంతో సరిచూశాను. ఆయన మాటే నిజం. అర డిగ్రీ నాదే. నేను పెద్దగా నవ్వడం మొదలుపెడితే ఆయనా నవ్వాడు. పిన్ని మాత్రం, "నోరు మంచిదైతే ఊరు మంచిదవుద్దంట. పొద్దున అన్న మాటలు గుర్తు పెట్టుకో" అని గేదె దగ్గరికి వెళ్లిపోయింది.

హైదరాబాదులో నా పీహెచ్‌డీ గైడుకి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆ యంత్రం ఆయన ల్యాబుదే. ఆయన సంతోషించారు. "లెక్కలో తొంభై డిగ్రీలు వెనక్కి తిప్పేసి చూపించు, అయిపోతుంది. యంత్రాన్ని ఎవరో కదిపారని ఇంటర్వ్యూలో ఎత్తకు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?" అన్నారు. ఆయన నా మంచికే చెప్పారు. ఇళ్లలో యంత్రాలు పెట్టొద్దనడానికి ఇంటర్వ్యూ చేసే కమిటీ ఒక్క కారణం కోసం చూస్తుంది. ఆ కారణం నేనే పళ్లెంలో పెట్టి ఇస్తే నా వయసు హద్దుతో పాటు నా ప్రశ్న కూడా ముగిసిపోతుంది. రెండ్రోజులు అలాగే చేద్దామనుకున్నాను. కానీ ఆ రెండు రికార్డుల బొమ్మ దాచితే నా దగ్గరున్న వాటిల్లో అన్నిటికంటే అందమైన ఫలితాన్ని నేనే దాచినట్టు. నాకు ఉత్సాహం వస్తే నోట్లో నువ్వుగింజ నానదు. ఇంటర్వ్యూలో చూపించే స్లైడుల్లో ఆ బొమ్మ పెట్టేశాను.

ఇంటర్వ్యూ వీడియోలో. యంత్రం పక్కనే ఉంటే ధైర్యమని బాబాయ్ ఇంటి వరండాలోనే కూర్చున్నాను. సిగ్నల్ కూడా అక్కడే బాగుంటుంది. తెర మీద అయిదుగురు. మొదట అంతా సాఫీగా సాగింది. నేను వేగంగా మాట్లాడుతున్నానని ఒకావిడ నవ్వుతూ ఆపింది. తొమ్మిదో స్లైడు దగ్గర, దిమ్మె ఫొటో పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను.

అధ్యక్షుడు కళ్లజోడు తీశాడు. "మీ మొదటి ఇంట్లోనే యంత్రాన్ని చెప్పకుండా తరలించారు. మూడేళ్లు పన్నెండు ఇళ్లని ఎలా నమ్మమంటారు?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"తరలించినాయన ఇక్కడే ఉన్నారు, అడగండి" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. బాబాయ్ తువ్వాలు భుజాన సర్దుకుంటూ వచ్చి నా పక్కన కుర్చీ అంచున కూర్చున్నాడు. అయిదుగురిలో ఒక్కాయనకి తెలుగు వచ్చు. "ఎందుకు తిప్పారండీ?" అని అడిగాడు.

"అది ఉత్తరం చూడాలని ఈ అమ్మాయి మాకు చెప్పలా సార్" అన్నాడు బాబాయ్. "ముట్టుకోవద్దంది, అంతే. ఏది ఎందుకో ఒక్కటి చెప్పలా. బుడగ నాకు తెలిసిన పని, అది తప్పలా. బాణం తెలవదు, అది తప్పింది. చెప్పుంటే వెంట్రుకవాసి తేడా రానిచ్చేవాణ్ణి కాదు. మూల మారుస్తామంటే వింటదని కూడా మాకు అనిపియ్యలా."

తెలుగాయన నవ్వాపుకుంటూ, "మీరే మిగతావాళ్లకి చెప్పండి" అన్నాడు నాతో.

చెప్పాలి. నా నోటితో నేనే చెప్పాలి. మెత్తగా మార్చి చెప్పే దారి కనిపించింది. సమాచార లోపం, అవగాహన, అలాంటి మాటలు ఇంగ్లీషులో చానా ఉన్నాయి. కానీ భాగస్వాములు అని రాసి మురిసిన వాక్యం కళ్లముందు ఆడింది. భాగస్వామికి బాణం ఎటు చూడాలో కూడా చెప్పని మనిషిని నేను. ఆయన అన్నది అన్నట్టే, చివరి మాటతో సహా చెప్పాను. తర్వాత, "తప్పు యంత్రం కాపాడినవాళ్లది కాదు, అప్పగించిన నాది. ఇకమీద ప్రతి ఇంటికీ అన్నీ చెప్పి, చోటు వాళ్లతో కలిసి ఎంచి పెడతాను" అన్నాను. అధ్యక్షుడు ఏదో రాసుకున్నాడు. థాంక్యూ అన్నారు, తెర నల్లబడింది.

"చెడగొట్టానా?" అన్నాడు బాబాయ్.

"తెలియదు బాబాయ్" అన్నాను. నిజంగానే తెలియదు.

అయిదు వారాల తర్వాత, గురజాల బస్టాండులో మాచర్ల బస్సు కోసం నిలబడి ఉంటే మెయిల్ వచ్చింది. మొదటి వాక్యం మూడుసార్లు చదివాను. నేను ఎగిరిన ఎగురుడికి పక్కన పల్లీలు అమ్మే ఆవిడ బుట్ట వెనక్కి లాక్కుంది. వచ్చిందండీ, నాకు ఫెలోషిప్ వచ్చింది అని ఆవిడకే మొదట చెప్పాను. ఆవిడ మంచిదమ్మా అని గుప్పెడు పల్లీలు పెట్టింది. ఉత్తర్వు కింద ఒక షరతు ఉంది, ప్రతి ఇంటివారికీ యంత్రం గురించి వివరించే పని పథకంలో చేర్చాలని. బాబాయ్‌కి ఫోన్ చేస్తే ఆయన ఏదో గోడ మీద ఉన్నాడు, కింద కూలీలకి అరిచి చెప్పాడు. తర్వాత నాతో, "మిగతా ఇళ్లకి నేనూ వస్తా. నువ్వు చెబితే వాళ్లకి అర్థం కాదు" అన్నాడు.

అలా రెండో ఇంటికి, మాచర్ల దగ్గర ఒక పల్లెకి, ఇద్దరం వెళ్లాం. నేను రంగురంగుల బొమ్మలతో పదహారు కాగితాలు తయారు చేసుకున్నాను. బాబాయ్ వాటిని సంచీలోంచి తీయనివ్వలేదు. ముందు ఆ ఇంటాయనతో కలిసి ఇల్లంతా తిరిగి ఏ గది కింద ఏముందో అడిగాడు, బరువు ఏ మూలలో పెట్టొచ్చో ఇంటామెని అడిగాడు. తర్వాత యంత్రం మీద చెయ్యి వేసి మొదలుపెట్టాడు.

"భూమి ఎటు కదిలిందో ఇది రాసిద్ది. ఈ బాణం ఉత్తరానికి ఉంటేనే నిజం రాసిద్ది, తిప్పితే అబద్ధం రాసిద్ది. మీ ఇల్లు, మీ అవసరం, కదపాల్సి వస్తే కదపండి. కదిపినరోజే ఈ అమ్మాయికి ఫోన్ చెయ్యండి. తిట్టుద్దేమోనని దాయబాకండి. తిట్టదు."

అని ఊరుకోకుండా నా వైపు తిరిగాడు. ఆ ఇంటివాళ్లూ నా వైపు చూశారు. చేతిలో పదహారు కాగితాలతో, అందరి ముందూ, తిట్టనని మాటిచ్చాను.